చెవి మిషన్ దండగ అనేవాళ్ళతో

ఇంట్లో పెద్దవాళ్ళకు వినికిడి తగ్గిందన్న మాట వస్తే చాలు, నలుగురిలో ఒకరి దగ్గర సలహా సిద్ధంగా ఉంటుంది. "మిషన్లు పెట్టినా లాభం లేదండీ. మా మామగారికి బోలెడంత పోసి కొన్నాం, బీరువాలో పడుంది. పెట్టుకుంటే ఒకటే గోల అంటారు. అయినా ఈ వయసులో ఇంకేం వింటారు?" ఈ మాట చదువుకున్నవాళ్ళూ అంటున్నారు. నేను ఒప్పుకోను. అనుభవంలోంచి పుట్టిన మాటే కావచ్చు, కాని ఆ అనుభవం నుంచి తేల్చిన తీర్పు తప్పు. బీరువాల్లో పడున్న మిషన్లలో చాలావాటికి చెయ్యాల్సిన పని అసలు మొదలే కాలేదు. సగం వైద్యం చేసి వదిలేసి, నయం కాలేదని మిషన్‌నీ ముసలితనాన్నీ తిడుతున్నాం.

వయసుతో వచ్చే చెవుడు ఎలా ఉంటుందో ముందు తెలియాలి. లోపలి చెవిలోని కాక్లియాలో సన్నని రోమకణాలుంటాయి. వయసు వల్ల, మోత వల్ల, కొన్ని రకాల మందుల వల్ల అవి చచ్చిపోతాయి, పోయినవి మళ్ళీ రావు. సాధారణంగా ముందు దెబ్బతినేవి సన్నటి ధ్వనులను పట్టే కణాలు. అచ్చులు లావు ధ్వనులు కాబట్టి వినపడుతూనే ఉంటాయి. క, చ, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. కాలు, చాలు, తాలు, పాలు అన్న నాలుగు మాటలూ ఆ చెవికి ఇంచుమించు ఒకటే. అందుకే "వినపడుతోంది గాని అర్థం కావట్లేదు" అంటారు పెద్దవాళ్ళు. అక్షరాలా నిజం చెబుతున్నారు వాళ్ళు. ఇంట్లోవాళ్ళేమో "కావలసినవైతే బాగానే వినపడతాయి" అని దెప్పుతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. "కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్న మనిషే గొంతు పెంచగానే "ఎందుకలా అరుస్తావు?" అని కసురుకుంటాడు. రెండూ నిజమే. చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించలేరు. వినగలిగే హద్దుకూ భరించగలిగే హద్దుకూ మధ్య జాగా ఇరుకైపోయింది. లోకంలోని శబ్దాలన్నిటినీ ఆ ఇరుకు జాగాలో సర్దడమే మిషన్ పని. ఏ ధ్వనిని ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఒక్కో మనిషికీ వేరు, ఒకే మనిషికి రెండు చెవులకూ వేరు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా రెండు చెవులనూ విడివిడిగా, నిశ్శబ్దపు గదిలో పరీక్షించి ఆడియోగ్రామ్ తియ్యనిదే ఆ లెక్క తేలదు. తీశాక దాన్ని బట్టి కంప్యూటర్‌లో మిషన్‌ని సర్దాలి. చెవి రంధ్రంలోకి సన్నటి గొట్టం పంపి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలవాలి. దీన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. కొన్నాళ్ళు వాడాక మళ్ళీ పిలిచి సరిచెయ్యాలి. మన ఊళ్ళలో మిషన్ కొన్నవాళ్ళను అడగండి, ఇందులో ఎన్ని జరిగాయో. ఒక బీప్ పరీక్ష, ఒక బిల్లు, అంతే.

మా పెద్దమావయ్య తెనాలి దగ్గర హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మిషన్ కొన్న కొన్నాళ్ళకే మూల పడేశాడు. "ఒకటే రొద అమ్మాయ్, ఇప్పుడు అది కూడా లేదు, చచ్చిపోయింది" అన్నాడు. చెవి వెనక ఉండే రకం అది, సన్నటి తీగ చివర రబ్బరు బుడిపె. ఆ బుడిపె తీసి చూస్తే, శబ్దం బయటికొచ్చే చోట ఆవగింజంత తెల్లటి జల్లెడ ఉండాలి. అక్కడ తెలుపన్నదే లేదు, గులిమి పసుప్పచ్చగా గట్టిపడి కూర్చుంది. అది మార్చుకోవాలని అమ్మినవాళ్ళు చెప్పలేదు, మార్చుకునే పుల్లలు పెట్టెలో మాత్రం సీలు విప్పకుండానే ఉన్నాయి. పాతది లాగి కొత్తది నొక్కగానే మిషన్ బతికింది. గుంటూరులో ఒక ఆడియాలజిస్టు దాన్ని కంప్యూటర్‌కి కలిపి చూసింది. రెండు చెవులకూ ఒకటే సెట్టింగు ఉంది. ఆ అమ్మాయి మళ్ళీ పరీక్ష చేసి, శబ్దం మొదట కాస్త తగ్గించి, కొన్ని వారాల పాటు మెట్టు మెట్టుగా పెంచుకుంటూ వచ్చింది. మావయ్య ఇప్పుడు అది పెట్టుకునే, పేపరు చదివి మనవడితో వాదిస్తున్నాడు. పాత మిషనే, కొత్తది కొనలేదు.

కళ్ళజోడు పెట్టుకోగానే అక్షరం కనిపిస్తుంది, చెవి మిషనూ అంతే అనుకోవడం దగ్గరే పొరపాటంతా మొదలవుతోంది. ఏళ్ళ తరబడి సన్నటి శబ్దాలు అందని మెదడు వాటిని పక్కన పెట్టడం మరిచిపోతుంది. ఫ్యాను తిరిగే చప్పుడు, కాగితం రెపరెప, సొంత అడుగుల శబ్దం ఒక్కసారిగా మీద పడితే గోలగానే ఉంటుంది. అలవాటు పడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. మొదట ప్రశాంతమైన గదిలో, ఒక్క మనిషితో మాట్లాడుతూ, రోజూ కొన్ని గంటలు. తర్వాత టీవీ, ఆ తర్వాత వీధి. తొలిరోజే పెళ్ళికి పెట్టుకెళ్ళిన మిషన్ మర్నాడే బీరువాలోకి వెళుతుంది.

ఖరీదైనది కొనుంటే బాగా వినపడేదన్నది దీని వెంటే వచ్చే నమ్మకం. అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం మేలురకం మిషన్లనీ మామూలు రకాలనీ సరిగా అమర్చి, పెద్దవయసువారికి ఇచ్చి పోల్చి చూసింది. రోజువారీ వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో ప్రకటించింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో లారీ హ్యూమ్స్ బృందం 2017లో వెలువరించిన అధ్యయనంలోనూ ఎక్కువ ధర చెల్లించినందువల్ల ఫలితం మెరుగవలేదు. సొమ్మంతా మోడల్ మీద పోసి, అమర్చే మనిషి సమయానికి విలువ కట్టని చోట నష్టపోయేది మనమే.

అమెరికాలో 2022 అక్టోబరు నుంచి పరీక్ష, చీటీ లేకుండానే మిషన్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి. అక్కడుంటున్న పిల్లలు ప్రేమగా కొని సూట్‌కేసులో తెస్తున్నారు. అవి స్వల్ప, మధ్యస్థ లోపమున్న పెద్దలకు ఉద్దేశించినవి. ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఎవరికి వారు సర్దుకోగలిగితే పనికొస్తాయి. ఎనభై ఏళ్ళ అమ్మకు లోపం ఎంతో కొలవకుండా, ఇక్కడ సర్దేవాళ్ళు లేకుండా ఇస్తే అది ఇంకో బీరువా మిషనే. చీము కారే చెవి, ఒక్క చెవిలోనే తగ్గిన వినికిడి, గులిమి నిండిన చెవి, వీటికి ముందు ఈఎన్‌టీ డాక్టరు కావాలి. రాత్రికి రాత్రి వినికిడి పడిపోతే అది అత్యవసరం, ఒక్క రోజు కూడా ఆగకూడదు.

బాగోగుల సంగతి మనం అసలు పట్టించుకోం. కోస్తా ఉక్కపోత, చెమట, తలకు రాసుకునే కొబ్బరినూనె, మొహానికద్దే పౌడరు, అన్నీ ఈ మిషన్‌కి శత్రువులే. మైకు రంధ్రాలు సూదిమొనంత ఉంటాయి. నూనె, పౌడరు అయ్యాక చేతులు తుడుచుకుని మిషన్ పెట్టుకోవాలి. స్నానానికీ క్షవరానికీ తీసెయ్యాలి. రాత్రి సెల్లు తీసేసి, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టాలి. పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో దులపాలి. అచ్చు పోసిన మోల్డు ఉంటే దాన్ని మిషన్ నుంచి విడదీసి సబ్బునీళ్ళతో కడిగి, గొట్టంలో తడి ఆరాకే మళ్ళీ తగిలించాలి. గొట్టం పచ్చబడి బిరుసెక్కితే మార్చాలి. సెల్లుకున్న రంగు కాగితం పీకితే గాలి తగిలి అది పని మొదలుపెడుతుంది, మళ్ళీ అంటించినా ఆగదు. కాబట్టి అవసరమైనప్పుడే పీకి, ఒకటి రెండు నిమిషాలు ఆగి వెయ్యాలి. 312 సైజు సెల్లు రోజంతా వాడితే వారం అటూ ఇటూగా వస్తుంది. పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాల మీదికొస్తుంది. మిషన్ పని చేస్తోందో లేదో చూడాలంటే దాన్ని గుప్పిట్లో మూసి పట్టుకోండి, కీచుమంటే బతికున్నట్టే. చెవిలో ఉండగా కీచుమంటే మోల్డు వదులైందనో, చెవిలో గులిమి ఉందనో అర్థం, మిషన్ చెడిందని కాదు.

అవతలివాళ్ళ మాటలో నిజమున్న మేరకు ఒప్పుకుంటాను. పోయిన కణాలను ఏ మిషనూ తేలేదు. బ్యాండు మేళం పక్కన, ప్రెషర్ కుక్కర్ ఈలల మధ్య, ఎంత మంచి మిషన్ ఉన్నా మాట చెదురుతుంది. అందుకే మిగతా బాధ్యత ఇంట్లోవాళ్ళది. టీవీ ఆపి, పేరు పెట్టి పిలిచి, ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడాలి. అవతలి గదిలోంచి కేకేసి, వినలేదని విసుక్కోవడం అన్యాయం.

"ఈ వయసులో వినపడకపోతే ఏమవుతుంది?" అనేవాళ్ళకు కూడా జవాబుంది. చక్కదిద్దుకోగల డిమెన్షియా కారణాలు 14 అని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి. 2023లో వెలువడిన ఎచీవ్ అధ్యయనం 70 నుంచి 84 ఏళ్ళ వారిని మూడేళ్ళు గమనించింది. మొత్తం మీద మిషన్ల వల్ల తేడా కనబడలేదు గాని, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం మిషన్, తగిన శిక్షణ అందుకున్నవాళ్ళ బుద్ధి మందగించడం 48 శాతం తగ్గింది. ఈ లెక్కలేవీ లేకపోయినా నాకు అభ్యంతరం లేదు. అర్థం కాకపోయినా తలూపుతూ, నలుగురూ నవ్వినప్పుడు తానూ నవ్వుతూ, చివరికి గదిలోంచి రావడమే మానేసిన మనిషిని చూస్తే చాలు.

డబ్బు లేనివారికి దారి లేకపోలేదు. కేంద్రం వికలాంగులకు సహాయ పరికరాలిచ్చే అడిప్ పథకాన్ని 1981లో, పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017లో తెచ్చింది. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, హైదరాబాద్ కోఠిలోనూ విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులున్నాయి. నా ఫిర్యాదల్లా మిషన్లు పంచే శిబిరాల మీద. వరసగా కూర్చోబెట్టి, ఫొటో తీసి, చేతిలో పెట్టె పెట్టి పంపితే సరిపోదు. నెల తిరక్కుండా మళ్ళీ పిలిచి సరిచేసే ఏర్పాటు లేని పంపిణీకి ప్రభుత్వం పైసా ఇవ్వకూడదు.

కొనబోయేవాళ్ళకు ఒక్క మాట. అమ్మేవాళ్ళను బిల్లు కంటే ముందు మూడు అడగండి: రెండు చెవుల ఆడియోగ్రామ్, అమర్చే ఆడియాలజిస్టు రిజిస్ట్రేషన్ నంబరు, మొదటి మూడు నెలల్లో మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో తేదీలు రాసిన కాగితం. ఇవ్వం అన్నచోట ఎంత డిస్కౌంటు ఇచ్చినా కొనకండి.