వకీలు నోట తెలుగు మాట

సుల్తాన్ బజారులో చీరల అంగళ్ల నడుమ, గాజుల బండ్లను తప్పించుకొనుచు, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు నడచిపోవు పాఠకులలో, ఈ వీథులకు ఒకప్పుడు వేరొక ప్రభుత్వము, వేరొక పోలీసు, వేరొక న్యాయస్థానము ఉండెడివని ఎరిగినవారు నేడు కొలదిమందియే యుందురు. 1933లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి అప్పగింపబడి సుల్తాన్ బజారను పేరు దాల్చువరకును ఇది రెసిడెన్సీ బజారు. కోఠీలో నేటికిని నిలిచియున్న ఆ పెద్ద స్తంభముల సౌధమునందలి ఆంగ్ల రెసిడెంటు మాట ఇక్కడ చెల్లెడిది. బజారు దాటి నగరము వైపు పోయినచో నిజాము శాసనము. ఒక మనిషి ఉదయమున కూరగాయలకై బయలుదేరి ఇంటికి తిరిగివచ్చులోపల రెండు చట్టముల నీడలో నడచివచ్చెడివాడు.

ఆ నిజాము ప్రభుత్వపు చట్టములలో ఒకదానిని గూర్చి నేడు వ్రాయవలసి వచ్చినది. 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, హైదరాబాదు రాజ్యమున నపుంసకుల చట్టమొకటి వెలువడెను. 1871లో ఆంగ్లేయులు చేసిన నేరస్థ జాతుల చట్టము రెండవ భాగమునకును దీనికిని గల పోలిక చదివినవారికి తేటతెల్లము. నగరమున నివసించు హిజ్రాలలో, బాలుర నపహరింతురనియో, అసహజ నేరములు చేయుదురనియో అనుమానము తగిలినవారి పేర్లును నివాసములును ఒక రిజిస్టరున ఎక్కించవలెను. అట్లు పేరెక్కినవారు స్త్రీవేషముతో, నగలు పెట్టుకొని వీథిలో కనబడినను, బహిరంగముగ ఆడినను పాడినను, వారంటు లేకయే పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు ఖైదు. పదునారేండ్ల లోపు బాలుడు వారి యింట నుండుటయు నేరమే. చేసిన పనికి శిక్ష వేయు చట్టములను మనము ఎరుగుదుము; చీర కట్టుటనే నేరముగ నెంచిన ఈ చట్టమున శిక్ష మనిషి పుట్టుకకే పడినది.

నిజాము రాజ్యముతో ఇది పోలేదు. 1950లో రాజ్యాంగము వచ్చినది, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము. పాత చట్టము మాత్రము కొత్త రాష్ట్రముల పేర్లు తగిలించుకొని నూరేండ్లు బ్రతికినది. 2018లో వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు ఉన్నత న్యాయస్థానమున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసిరి. ఆ యేటనే ఆ చట్టము అమలు నిలిచిపోయినది. 2023 జులై 6వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర రెడ్డి గార్ల ధర్మాసనము దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. మూసీ యొడ్డున 1920లో తెరవబడిన ఆ న్యాయసౌధమును, ఆ చట్టమును ఒకే కాలమున పుట్టినవి. ఒకటి నిలిచి రెండవదానిని సమాధి చేసినది. తీర్పు అంతటితో ఆగక, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయుమనియు, విద్యోద్యోగములలో రిజర్వేషను కల్పించుమనియు ప్రభుత్వమును ఆదేశించినది. పిటిషనర్ల పక్షమున వాదించిన జయ్నా కొఠారి గారు బెంగుళూరు న్యాయవాది. వ్యాజ్యము ఒక నగరమున, వకీలు వేరొక నగరమున. దూరము న్యాయమునకు అడ్డము కాలేదు.

దూరమను మాట ఇక్కడ ఊరకయే వ్రాయలేదు. మొన్న ఒక ఆదివారము ఆబిడ్సు కాలిబాట మీద పాత పుస్తకములు తిరుగవేయుచుండగా, మా ప్రక్కన కూర్చుండి, వెన్ను చిరిగిన పాత న్యాయ పదకోశమొకదానిని ఆకు వెంట ఆకుగా చూచుచున్న యువతి కనబడినది. మాట కలిసినది. ఆమె న్యాయవాది, బడీచౌడీలో ఒక గదిలో ఉన్నది, ఏదో ఖండాంతర సంస్థ యిచ్చు ఫెలోషిప్పున, స్వలింగ ప్రేమికులు, ద్విలైంగికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, ఇంటర్‌సెక్స్ శరీరముతో పుట్టినవారు మొదలైన వారి మానవహక్కులపై పని చేయుచున్నది. కార్యాలయము లేదు, తోడి ఉద్యోగుల ముఖములు కంప్యూటరు తెరమీద చూచుటయే. నేపాళ అత్యున్నత న్యాయస్థానము 2007లో ఏమనినది, మన అత్యున్నత న్యాయస్థానము 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ వ్యాజ్యమున ఏమనినది, 2018 సెప్టెంబరు 6న భారత శిక్షాస్మృతి 377వ సెక్షనును ఎంతవరకు కుదించినది, ఇవన్నియు చదివి, పోల్చి, ఆంగ్లమున పత్రములు వ్రాసి పంపుట ఆమె పని. మరి ఈ చిరిగిన పదకోశమెందులకని అడిగితిమి.

“మన హైకోర్టు 2023 తీర్పు రెండుసార్లు చదివిన సార్. ఇంగ్లీషుల అడిగితే ఎన్ని పేజీలైనా రాసిస్త. కానీ మా రూముకు ఒకామె వచ్చి, ‘ఇండ్ల నాకేం రాసిచ్చిండ్రు బిడ్డా?’ అని అడిగితే నాకు మాట దొరుకుత లేదు.”

ఆ మాట విన్నది మొదలు మాకు 1921 నవంబరు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ నెలలో, ఈ బజారుకు కూతవేటు దూరముననున్న వివేకవర్ధినిలో, కార్వే పండితుని అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండగా, ఆంగ్లమునను ఉర్దూనను మరాఠీనను మాటలాడినవారిని నిశ్శబ్దముగ వినిన సభ, ఆలంపల్లి వేంకట రామారావు గారు లేచి తెలుగున మాటలాడబోగా గేలి చేసి కేకలు వేసినది. ఆయనయు వకీలే. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టిన కథ మన పాఠకులకు తెలిసినదే. ఆనాడు తెలుగు నోట వచ్చినందుకు వకీలు తల వంచుకొనవలసి వచ్చినది. నేడు తెలుగు నోట రానందుకు ఒక యువ వకీలు బాధపడుచున్నది. నూరేండ్లలో నడచిన దారి సామాన్యమైనది కాదు. కాని ఆ బాధ తీర్చుట ఆమె యొక్కతె వలన కాదు.

చిక్కు ఎక్కడనో దగ్గరకు పోయి చూడవలెను. లింగమను పదమును గైకొనుడు. అది వ్యాకరణమున ఒక యర్థము, గుడిలో ఒక యర్థము, వైద్యశాలలో ఒక యర్థము, చట్టమున ఇంకొక యర్థము. దేహముతో పుట్టినదానికిని, మనిషి తన్ను తాను ఎరిగికొనుదానికిని ఒకే మాట వాడిన, ఆ రెంటి భేదమే ప్రాణముగ గల 2014 నాటి తీర్పు తెలుగున అయోమయమగును. పత్రికలలో లైంగిక ధోరణి అని యొకరు, అభిరుచి అని యొకరు వ్రాయుచున్నారు. అభిరుచి యనగా కూరలో ఉప్పు వంటిది, నేడున్నది రేపు మారవచ్చును; మనసు నిలిచిన చోటును ఆ మాట తెలుపదు. ఇక వీథిలో దొరకు మాటలందురా, వ్రాయుటకే చేయి రాదు. అందులో ఒకటి, రాజాంతఃపురములలో మన్ననలందిన ఖ్వాజాసరాల పేరినుండియే వచ్చినదని చెప్పుదురు; గౌరవవాచకమును తిట్టుగా దిగజార్చిన పాపము మన నాలుకలది.

కాని మన భాష చేతులు ముడుచుకొని కూర్చున్నదనుట అన్యాయము. నేను వచ్చితిని, నీవు వచ్చితివి అనుచో వచ్చినది పురుషుడో స్త్రీయో తెలుగు క్రియ అడుగదు, హిందీ అడుగును. వారు వచ్చిరి అనుచో స్త్రీపురుష భేదమే లేదు. చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని విభజించినపుడు ఏకవచనమున ఎన్ని చిక్కులున్నను, బహువచనమున మనుష్యులందరును ఒకే పంక్తిన కూర్చుండిరి. ఒక్కరినైనను గౌరవించి వారు అనుట మనకు తాతల నాటి మర్యాద. ఆంగ్లేయులు ఏ సర్వనామము వాడవలెనని నేడు తర్కించుచున్నారు. తెలుగు తల్లి ఆ మాటను ముందే వడ్డించి పెట్టినది. ఎటొచ్చి, మన కచ్చేరీలలో కాగితము వ్రాయునప్పుడే ఆ మర్యాద మరచుచున్నాము. అఫిడవిటులో మొదటి వరుస చూడుడు: ఫలానా వారి కుమారుడు, కుమార్తె, భార్య, మూడింటిలో ఒకటి కొట్టివేయవలెను. కలము అచ్చటనే ఆగును. ఇంట నుండి వెళ్లగొట్టబడి, కొత్త పేరు పెట్టుకొని, గురువునే తల్లిగ తలచి బ్రదుకుచున్న మనిషి ఆ వరుస ముందర ఎంతసేపు నిలువవలెను? తెలంగాణపు పాత దస్తావేజులలో మల్లయ్య తండ్రి వెంకయ్య అని వ్రాయు రివాజు కలదు. అందు బిడ్డ కొడుకో కూతురో చెప్పనక్కరయే లేదు. తండ్రి యను చోట తల్లి పేరును వ్రాయనిచ్చిన సరిపోవును. ఇట్టి పరిష్కారములు జెనీవాలో దొరకవు. నాంపల్లి కోర్టుల బయట యంత్రము ముందు కూర్చున్న టైపిస్టు వద్ద దొరకును.

ఇందుచేతనే ఇట్టి దూర ఫెలోషిప్పులను మేము మనసార ఆహ్వానించుచును, ఒక మాట ఖండితముగ చెప్పుచున్నాము. అవి ఢిల్లీకో లండనుకో పోలేని యువకులను స్వస్థలముననే నిలిపి పని నేర్పుచున్నవి. అద్దె గది దొరకుటయే కష్టమైన వారికి, తమ వేషమును చూచి నవ్వు కార్యాలయములకు పోలేని వారికి, గది తలుపు మూసికొని పని చేయగలుగుట చిన్న వరము కాదు. 2006లో ఇండొనీషియాలోని యోగ్యకర్తలో న్యాయకోవిదులు కూడి సంతరించిన సూత్రములు మన 2014 తీర్పులో చోటు సంపాదించుకొన్నవనగా, పరదేశ విద్య మనకు పనికివచ్చినదనుటకు వేరు సాక్ష్యమేల? అయినను ఫెలో వ్రాయు పత్రమంతయు దూరమున చదువువారి కొరకే యగుచో, ఇంటి గుమ్మమున నిలిచి అడిగిన ఆమెకు మిగులునదేమి? ధనము సంగతియు తలచవలెను. నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై తెరచిన మిత్ర్ క్లినిక్, అమెరికా సహాయము నిలిచిపోగానే 2025 ఆరంభమున మూతపడినది. పిమ్మట స్వదేశ ధర్మనిధి చేయూతతో వేరు పేరున మరల తలుపు తెరచినది. ఎక్కడి ఆజ్ఞకో ఇక్కడ తలుపు మూతపడుట చూచితిమి. తెలుగున నాటిన మాటకు ఆ భయము లేదు.

నాటిన మాట ఎట్లు నిలుచునో మన సాహిత్యమే చూపినది. తమిళనాటి ఎ. రేవతి గారి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగు చేయగా హైదరాబాదు బుక్ ట్రస్టు ప్రచురించినది. 2019 సంవత్సరమునకు ఆ అనువాదమునకే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. ఆ పుస్తకమును చదివినవారెవరును మరల పాత తిట్టును నోట పెట్టుకొనలేరు. హైదరాబాదు హిజ్రాలపై గాయత్రీ రెడ్డి గారు వ్రాసి 2005లో చికాగో విశ్వవిద్యాలయము వారు అచ్చువేసిన గ్రంథము ఆంగ్లమున పండితుల అల్మారాలలో ఉన్నది. అది చెప్పునదంతయు మన ఊరి కథయే. ఒక హైదరాబాదు పుస్తకము హైదరాబాదు వీథికి పరాయిదగుట మాకు సహింపరాకున్నది.

కాలము మారుచున్నదనుట నిజమే. చీరతో వీథిలో కనబడిన పట్టుకొనుమన్న నగరముననే 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ గార్లు, ఉస్మానియా ఆసుపత్రిలో చేరిరి. 2024 డిసెంబరున 39 మంది ట్రాఫిక్ పోలీసు శాఖలో అసిస్టెంట్లుగ ఎంపికయి కూడలులలో నిలిచిరి. అయినను, నాడు రిజిస్టరున పేరెక్కుటయే శిక్షకు నాంది యైనచోట, నేడు గుర్తింపు పత్రమునకై పేరు వ్రాయించుకొనుమనిన పెద్దవారు జంకుట సహజము. ఈ వ్రాత ఆ వ్రాత కాదని వారికి నమ్మకము కలుగునట్లు చెప్పవలసినది చట్టము తెలిసినవారు. చెప్పవలసినది తెలుగున, ఉర్దూన.

1901 సెప్టెంబరు 1న భాషానిలయమును నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు, విజ్ఞానము ఏ భాషలో పుట్టినను తెలుగున చేరవలెననియే తరువాత విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. ఆ పనిలో శాస్త్రములకును చరిత్రలకును లభించిన భాగము హక్కులకు నేడు లభింపవలెను. వచ్చు సంచిక మొదలు ఈ పత్రికలో నాలుగు పుటలు ఇందులకే విడిచితిమి. 2023 నాటి తీర్పులోని ముఖ్య భాగములను సామాన్యులు చదువదగిన తెలుగున మొదట ప్రకటింతుము. ఆ యువ న్యాయవాది వ్రాయుటకు ఒప్పుకొన్నది. నాంపల్లి, ఆబిడ్సు, సుల్తాన్ బజారు ప్రాంతముల వకీళ్లు, దస్తావేజు లేఖరులు, టైపిస్టులు, వైద్యశాలల నర్సులు, అన్నిటికంటె మిన్నగ ఆ జీవితము జీవించుచున్నవారు, తాము నిత్యము వాడు మాటలను, తమకు నొప్పి కలిగించు మాటలను వేరువేరుగ వ్రాసి మాకు పంపవలెనని ప్రార్థించుచున్నాము. పేరు వ్రాయనక్కరలేదు.