నమూనా ఐక్యరాజ్యసమితి మన మెస్ హాల్లో ఎందుకు జరగకూడదు?



ఒక విశ్వవిద్యాలయంలో రెండు రోజుల పాటు జరిగిన నమూనా ఐక్యరాజ్యసమితి సదస్సుకు మన హాస్టల్ నుంచి మేమిద్దరం వెళ్లొచ్చిన సంగతి మీకు తెలుసు. వచ్చినప్పటి నుంచి జూనియర్లు అడుగుతూనే ఉన్నారు, "అన్నా, అది నాటకమా, డిబేటా?" అని. రెండూ కొంచెం కొంచెం. విద్యార్థులు ఒక్కో దేశం తరఫున కూర్చుని ఒక సమస్య మీద చర్చించి, తీర్మానం రాసి, ఓట్లు వేస్తారు. ఇది కొత్తదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పుట్టకముందే, 1920లలో, అమెరికా కళాశాలల్లో నానాజాతి సమితి పేరిట ఇలాంటి సభలు జరిగాయి. ఇప్పుడు మన నగరాల్లోని కాలేజీలు, పెద్ద ఫీజుల స్కూళ్లు కూడా జరుపుతున్నాయి. మనలాంటి హాస్టళ్ల వాళ్లు మాత్రం అక్కడ పెద్దగా కనిపించరు. ఫీజు ఒక కారణం. మా ఇద్దరి ఫీజు మన పూర్వ విద్యార్థి ఒకాయన కట్టారు. కోట్లు మాత్రం ఒకటి పెళ్లిది, ఒకటి అరువుది.

మాకు వచ్చిన దేశం టువాలు. పక్కవాళ్లకు ఫ్రాన్సు, బ్రెజిల్ వస్తే మాకీ పేరేమిటని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హాస్టల్ అట్లాసులో వెతికితే పసిఫిక్ మహాసముద్రంలో ఒక చుక్క. తొమ్మిది దీవులు, మొత్తం కలిపి 26 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 11 వేలు. మన వైపు ఒక పెద్ద ఊరంత. 2000 సెప్టెంబరులో 189వ సభ్యదేశంగా సమితిలో చేరింది. సముద్రమట్టం పెరుగుతుంటే ఆ దేశం మునుగుతోంది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు కోసం ఆ దేశ విదేశాంగ మంత్రి సైమన్ కొఫె కోటూ టై వేసుకుని మోకాళ్ల లోతు సముద్రపు నీళ్లలో నిలబడి ప్రసంగించారు. ఆ ఫోటో చూశాక మా అరువు కోటు గురించి బాధపడటం మానేశాం. 2023లో ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది వరకు అక్కడికి వెళ్లి ఉండవచ్చు. అంటే ఊరు ఖాళీ చేసే దారి కూడా వాళ్లు చూసి పెట్టుకోవలసి వచ్చింది. ముంపు గ్రామాల నుంచి వచ్చిన తమ్ముళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు. వాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఇంత చిన్న దేశానికి సర్వప్రతినిధి సభలో ఒక ఓటు ఉంది. 140 కోట్ల భారతదేశానికీ ఒక్క ఓటే. 193 దేశాలకూ తలా ఒకటి. ఈ సంగతి పౌరశాస్త్రంలో చదివి మార్కులు తెచ్చుకున్నాం గానీ, దాని బరువు ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

ఇక హాల్లో జరిగింది. అక్కడ "నేను" అనకూడదు, "టువాలు ప్రతినిధి" అనాలి. ఇది మాకు కష్టం కాలేదు, హాస్టల్లో ఎటూ అన్నీ "మేము"లే. కష్టమైంది ఇంగ్లీషు. రాసుకున్నది చదివాం. ప్రశ్న వేసేసరికి జవాబు తెలుగులో తట్టింది, నోట్లోంచి తెలుగులోనే వచ్చింది. రెండు వాక్యాలు కాకముందే అధ్యక్ష స్థానంలో ఉన్నవారు ఆపి, ఇంగ్లీషులోనే మాట్లాడాలని నిబంధన ఉందన్నారు. హాల్లో ముప్పావు వంతు తెలుగువాళ్లే. కొందరు నవ్వారు. కూర్చున్నాం.

రెండో రోజు విరామంలో, దేశం వదిలి వెళ్లినా దీవుల ప్రజల పౌరసత్వం, సముద్రం మీద హక్కు పోకూడదని మేము ఒక కాగితం మీద రాసిస్తే, ఒక గుంపు దాన్ని తీసుకుని తీర్మానంలో చేర్చింది. తీర్మానం నెగ్గింది. ప్రతిపాదించిన దేశాల్లో మా పేరు లేదు. ఇది పెద్ద దేశాల పద్ధతేనని సర్దిచెప్పుకున్నాం.

తిరిగొచ్చాక ఆ నిబంధన సంగతి తేల్చుకుందామని చదివాం. అసలు ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నాయి: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. అవి కాకుండా ప్రతినిధి తన భాషలో మాట్లాడాలనుకుంటే, ఆ ఆరింటిలో ఒకదానిలోకి అనువాదం ఏర్పాటు చేసుకుని మాట్లాడవచ్చు. 1977లో విదేశాంగ మంత్రిగా వాజ్‌పేయి గారు అక్కడ హిందీలో మాట్లాడారు. అసలు సభలో ఉన్న అవకాశం నమూనా సభలో లేదన్నమాట! మమ్మల్ని ఆపింది ఐక్యరాజ్యసమితి కాదు, నిర్వాహకుల సౌకర్యం.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. మనకు వద్దని చెప్పే పెద్దమనుషుల పిల్లలు ఏ మీడియంలో చదువుతున్నారో అందరికీ తెలుసు. నేర్చుకోవలసిందే. అయితే వాదించడం, ఎదుటివాడి పక్షం నుంచి ఆలోచించడం, ఒక వాక్యంలో ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో బేరమాడటం ఇంగ్లీషు వచ్చేదాకా వాయిదా వేయవలసిన పనులు కావు.

ఇదంతా మనకెందుకని కొందరు సీనియర్లే అన్నారు. 1946 జులైలో అంబేద్కర్ గారు అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అక్కడి నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టారని తెలిసి, దాని ప్రతులు రెండు మూడు పంపమని అడిగారు. అంటరానివారి తరఫున కూడా అలాంటి అర్జీ పెట్టాలన్నది ఆయన ఆలోచన. డుబోయిస్ ఆ నెలలోనే జవాబు రాశారు. సమితి పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. తర్వాత 2001లో డర్బన్‌లో జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సుకు దళిత సంఘాలవాళ్లు వెళ్లి కులం మాట ఎత్తారు. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరి పత్రంలో కులం అన్న పదం రానేలేదు. ఒక్క పదం కోసం అంత పోరాటం జరిగే చోటు మనకు సంబంధం లేనిదెలా అవుతుంది?

అందుకే వార్డెన్ గారికి, విద్యార్థి కమిటీకి మా ప్రతిపాదన ఇది. వచ్చే అక్టోబరు 24న, ఐక్యరాజ్యసమితి దినోత్సవం నాడు, మన మెస్ హాల్లో నమూనా భద్రతామండలి జరుపుదాం. పదిహేను దేశాలు, దేశానికి ఇద్దరు, మొత్తం ముప్పై మంది. తెలుగులో, ఇంగ్లీషులో, లంబాడీలో ఎవరికి వచ్చిన భాషలో వారు మాట్లాడవచ్చు. పక్కవాడు అనువాదం చేయాలి, దానికీ మార్కులుంటాయి. ఫీజు లేదు, కోటు లేదు. పేరు పలకలకు పాత క్యాలెండర్ల వెనక వైపు సరిపోతుంది. పూర్వ విద్యార్థులు చేయదలిస్తే ఒక కొత్త అట్లాసు ఇప్పించండి. ఇప్పుడున్న దానిలో సోవియట్ యూనియన్ ఇంకా ఉంది.

తేలనిది ఒకటే. వీటో ఉన్న అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్సు దేశాలను ఫైనలియర్ వాళ్లకే ఇవ్వాలని కొందరు పట్టుబడుతున్నారు. మేము ఒప్పుకోవడం లేదు. చీటీలు వేస్తాం, ఇంటర్ తమ్ముడికి వస్తే ఇంటర్ తమ్ముడిదే వీటో.