దండోరా వేసిన వాడకే కబురు అందట్లేదు

ఊళ్లో సర్కారు కబురు ఏదైనా ఒకప్పుడు డప్పు మీదే వచ్చేది. శిస్తు కట్టాలన్నా, వేలంపాట ఉన్నా, పెద్ద అధికారి వస్తున్నా వాడ నుంచి ఒకరు డప్పు పట్టుకుని వీధివీధీ తిరిగి చాటేవారు. ఊరంతటికీ కబురు మోసిన ఆ చేతికి అందులో వాటా ఉండేది కాదు. ఇప్పుడు డప్పు స్థానంలో ఫోన్ వచ్చింది. మరి వాటా సంగతి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మీసేవ మొదలైంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. దీన్ని తీసిపారేయలేం. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు ముందు రోజుల తరబడి కూలి పోగొట్టుకుని నిలబడ్డవాళ్లం మనం. దరఖాస్తుకు ఒక నంబరు రావడం, అది ఎవరి దగ్గర ఆగిందో తెలియడం చిన్న విషయం కాదు. చేతులు కట్టుకుని నిలబడే అవసరం తప్పించే ఏ ఏర్పాటైనా మనకు కావాలి.

కానీ ఈ కంప్యూటర్ ఎవరిని ఎవరికి చూపిస్తోంది? అసలు ప్రశ్న అది.

తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను కలిపి, ఫలానా కుటుంబానికి కారు ఉందా, భూమి ఉందా, సర్కారు ఉద్యోగం ఉందా అని అది తేలుస్తుంది. ఇలాంటి కంప్యూటర్ లెక్కలతో, ముందస్తు నోటీసు లేకుండా సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కార్డులన్నింటినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. పేరు కలిసినందుకు వేరెవరి కారో పేదవాడి ఖాతాలో పడితే, ఆ సంగతి అతనికి చెప్పేవారెవరు? బియ్యం కోసం షాపుకు వెళ్లినప్పుడు డీలర్ "నీ కార్డు లేదు" అంటేనే తెలిసేది.

ఉపాధి హామీలోనూ ఇదే కథ. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోట యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీయడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అన్నారు. కూలీ ముఖం రోజుకు రెండుసార్లు సర్కారుకు కనపడాలి. కూలి డబ్బు ఎందుకు ఆగిందో మాత్రం కూలీకి కనపడదు.

ఒకప్పుడు ఇదే పథకం మనకు మరో పాఠం నేర్పింది. సామాజిక తనిఖీల్లో ఎవరికి ఎన్ని రోజులు పని, ఎంత డబ్బు అని గ్రామసభలో పేరుపేరునా చదివేవారు. చదువురాని అమ్మ కూడా లేచి "నేను ఆ పనికే పోలేదు, నా పేరు మీద డబ్బు ఎవరు తీసుకున్నారు?" అని అడగగలిగింది. పేరు, రోజులు, డబ్బు బహిరంగంగా ఉండబట్టే దొంగ మస్టర్లు బయటపడ్డాయి.

ఇప్పుడు ఆ తలుపే మూసుకుపోతోంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. మునుపు వ్యక్తిగత సమాచారమైనా, ప్రజా ప్రయోజనం ఉంటే ఆ క్లాజు కిందే ఇవ్వాలి. చట్టసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా ఉండేది. ఇప్పుడు ఆ రెండూ పోయాయి. "ఇది వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో లబ్ధిదారుల జాబితా, ఎస్సీ కార్పొరేషన్ రుణాల జాబితా ఇవ్వకుండా తప్పించుకునే వీలు అధికారికి దొరికింది. మన వివరాలు ప్రతి శాఖ కంప్యూటర్‌లోనూ ఉంటాయి. మన పేరు మీద ఏం జరిగిందో అడిగితే మాత్రం గోప్యత గుర్తొస్తుంది.

గోప్యత మనకు అక్కర్లేదని కాదు. కులం, చిరునామా, ఫోన్ నంబరు బయటపడితే దాడికి గురయ్యేది ముందు మనవాళ్లే. అయితే ఆధార్ నంబరును దాచడం వేరు, ఎవరికి ఎంత ఇచ్చారో దాచడం వేరు. మొదటిది పౌరుడి రక్షణ. రెండోది ఆఫీసు రక్షణ.

ఇంకా మన చేతిలో ఉన్నవేమిటి? సమాచార హక్కు చట్టం 8(2) సెక్షన్ అలాగే ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇకపై ప్రతి దరఖాస్తులోనూ దాన్ని రాయాలి. 4(1)(డి) ప్రకారం ఒక నిర్ణయం వల్ల నష్టపోయినవారికి కారణాలు చెప్పాల్సింది ఆఫీసే. కార్డు తీసేస్తే, పింఛను ఆపితే "సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నది కారణం కాదు. రాతపూర్వకంగా అడగాలి. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు ఈకేవైసీలో పడుతున్న కష్టంపై వచ్చిన తీర్పు అది. పనిచేసి వేలిముద్రలు అరిగిపోయినవారి తరఫున కూడా ఆ మాట ఎత్తాల్సి ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పథకాల పేరుతో గ్రూపుల్లో తిరిగే ప్రతి లింకునూ పంపకండి. అది సర్కారు వెబ్‌సైటేనా, జీవో నంబరు, చివరి తేదీ ఉన్నాయా చూడండి. వాడలో ఎవరి ఆధార్ ఫొటోనూ గ్రూపులో పెట్టకండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఇంట్లోవాళ్లకు నేర్పండి. మీసేవలో ఏ సేవకు ఎంత రుసుమో కాగితం మీద రాసి కమ్యూనిటీ హాలు గోడకు అంటించండి. ఫోన్ లేని ఇళ్లకు వెళ్లి చదివి వినిపించండి.

సమాచారం ఎలా పంచాలో చెబుతూ సమాచార హక్కు చట్టమే నోటీసు బోర్డులను, బహిరంగ ప్రకటనలను, ఇంటర్నెట్‌ను ఒకే వరుసలో పెట్టింది. అంటే వెబ్‌సైటులో పెట్టామని చేతులు దులుపుకుంటే సరిపోదు, చాటింపు కూడా వేయమని అడిగే హక్కు మనకుంది. ఈసారి ఆ చాటింపు మన కోసం కావాలి.