పరిశోధన సరే, డబ్బు ఎవరిది?

భూమి వేడెక్కుతోందని, అందుకు చమురు, బొగ్గు మండించడమే ముఖ్య కారణమని ప్రపంచ శాస్త్రవేత్తల్లో అత్యధికులు ఒప్పుకున్నారు. "ఇంకా రుజువు కాలేదు" అనేవాళ్ళు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది గొంతు ఏళ్ళ తరబడి చాలా పెద్దగా వినిపించింది. ఆ గొంతుకి మైకు పెట్టించింది ఎవరు? ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గ్యాస్ బావులు ఉన్న కోనసీమ స్త్రీలకి ఇది సొంత సమస్య.

ఎక్సాన్ కంపెనీ సంగతి చూడండి. చమురు వాడకం వల్ల భూమి వేడెక్కుతుందని ఆ కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్తలే 1970లలో యాజమాన్యానికి చెప్పారు. 1977 నుంచి 2003 దాకా వాళ్ళు వేసిన అంచనాలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఆ అంచనాల్లో ఎక్కువ భాగం నిజమయ్యాయని అది తేల్చింది. లోపల ఇంత తెలిసిన కంపెనీ బయట మాత్రం "ఏమీ తేలలేదు" అని ప్రచారం చేసింది. 1989లో పెద్ద పెద్ద కంపెనీలు, వాటి సంఘాలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్ అనే సంస్థను పెట్టి 2002 దాకా అదే పాట పాడాయి. ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. సిగరెట్టుకీ క్యాన్సర్‌కీ సంబంధం రుజువు కాలేదని పొగాకు కంపెనీలు దశాబ్దాల పాటు శాస్త్రవేత్తల చేత చెప్పించిన పద్ధతే ఇది.

విల్లీ సూన్ అనే పరిశోధకుడు భూమి వేడెక్కడానికి సూర్యుడే ముఖ్య కారణమని వాదించేవాడు. ఆయనకి చమురు, విద్యుత్ కంపెనీల నుంచీ వాటికి చెందిన ఫౌండేషన్ల నుంచీ పన్నెండు లక్షల డాలర్లకు పైగా అందిందని 2015లో బయటపడింది. చాలా వ్యాసాల్లో ఆ సంగతి ఆయన చెప్పనే లేదు. డబ్బు తన పరిశోధనను ప్రభావితం చేయలేదని ఆయన అన్నాడు. కావచ్చు. కానీ ఆ మాట నిజమో కాదో తూచుకునే అవకాశాన్ని పాఠకులకి ముందే ఎందుకు ఇవ్వలేదు? ఆ పత్రాలను బయటికి రప్పించింది మన సమాచార హక్కు చట్టం లాంటి చట్టమే అన్నది గుర్తుంచుకోవాలి.

సందేహించడం తప్పు కాదు. సందేహం లేనిదే శాస్త్రం లేదు. స్త్రీల ఉద్యమం కూడా "ఇది ప్రకృతి సహజం" అన్న మాటను సందేహించే పుట్టింది. అయితే నిజం తెలుసుకోవడానికి పడే సందేహం వేరు, నిజాన్ని వాయిదా వేయడానికి కొనుక్కున్న సందేహం వేరు. వాయిదా పడిన ప్రతి ఏడాదీ కంపెనీకి లాభమే.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఇదే జరిగింది. అక్కడ 1963 నుంచి గ్యాస్ తీశారు. తీసే కంపెనీలో సగం వాటా షెల్‌ది, సగం ఎక్సాన్‌ది. 1986 నుంచి ఆ ప్రాంతంలో భూమి కంపించడం మొదలైంది. గ్యాస్ తీయడానికీ దీనికీ సంబంధం లేదని కంపెనీ 1990ల మొదటి దాకా వాదించింది. చివరికి 2023లో గ్యాస్ తీయడం ఆపారు. ప్రజల క్షేమాన్ని పక్కన పెట్టారని ఆ ఏడాదే పార్లమెంటు విచారణ తేల్చింది. ఈలోగా ఎన్ని వేల ఇళ్ళు బీటలు వారాయో!

ఇక మన నేల. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మంట అందరికీ కనిపిస్తుంది. నేల కుంగడం కనిపించదు. కొలిస్తేనే తెలుస్తుంది. 2009లో 'నేచర్ జియోసైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించింది. వాటిలో గోదావరి, కృష్ణ కూడా ఉన్నాయి. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, భూగర్భం నుంచి నీరు, చమురు, గ్యాస్ తోడటం డెల్టాలు కుంగడానికి కారణాలని అది చెప్పింది. శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరితోటలు మోడువారడం 2025లో పెద్ద వార్త అయింది.

దీనికంతటికీ గ్యాస్ ఒక్కటే కారణమని నేను అనడం లేదు. ఇక్కడి సంస్థలు శాస్త్రవేత్తలను కొనేశాయనీ అనడం లేదు. లోపం ఏర్పాటులోనే ఉంది. పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసే కన్సల్టెంటును ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. పెళ్ళికొడుకు గుణగణాల గురించి పెళ్ళికొడుకు తరఫు వాళ్ళనే అడిగినట్టుంది ఇది! పైగా 2020 జనవరిలో కేంద్రం నిబంధనలు సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణ దశకి ఆ నివేదికా, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేకుండా చేసింది. ఉత్పత్తి దశకి మాత్రం అవి మిగిలాయి.

ఊళ్ళో నీళ్ళు ఉప్పనైతే మంచినీళ్ళ కోసం బిందె పట్టుకుని నడిచేది ఎవరు? తోట ఎండిపోతే పట్టాదారుకి నష్టపరిహారం వస్తుందేమో. కొబ్బరి పీచు పనిచేసే స్త్రీ పేరు, చీపుళ్ళు అల్లే స్త్రీ పేరు ఏ జాబితాలో ఉంటుంది? సందేహం పేరుతో ఏళ్ళు గడిపేస్తే ఆ మూల్యం చెల్లించేది వీళ్ళే.

కాబట్టి మన సంఘాలు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. అది సభకి ముందే తెప్పించుకుని ఊళ్ళో చదివి వినిపించాలి. నివేదికకి డబ్బు ఎవరిచ్చారు, ఏయే షరతుల మీద ఇచ్చారు అని సభలో అడిగి, ఆ ప్రశ్నను మినిట్స్‌లో రాయించాలి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వ రంగ సంస్థలకీ ఆ చట్టం వర్తిస్తుంది. నేల ఎత్తును, నీటిలో ఉప్పును కంపెనీతో సంబంధం లేని సంస్థ చేత క్రమం తప్పకుండా కొలిపించి, ఫలితాలు పంచాయతీ గోడమీద పెట్టాలని కోరాలి. ఏ బావి నీళ్ళు ఏ నెలలో ఉప్పనయ్యాయో మన స్త్రీలే నోటుపుస్తకంలో రాసిపెట్టాలి.

"మీకు సైన్సు తెలియదు" అంటారు. తెలియకపోవచ్చు. డబ్బు ఎవరిదని అడగడానికి సైన్సు తెలియనక్కర్లేదు.