ఫిన్నిష్ జబాన్ ముష్కిలే, కానీ మనకు పరాయిది కాదు



మా భాంజీ ఐదేళ్ల కిందట దామాద్ నౌకరీ కోసం ఫిన్లాండ్ వెళ్లింది. హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పో అనే ఊళ్లో కాపురం. వెళ్లేముందు ఖాందాన్ అంతా కూర్చుని ఒకటే మాట అనుకున్నాం: "అక్కడ అందరికీ ఇంగ్లీష్ వస్తుందట, ఫిక్ర్ ఏమీ లేదు." అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట గలత్ అని ఒప్పుకోవడానికే ఇవాళ ఇది రాస్తున్నా.

పోయిన చలికాలం ఒక రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే, వాళ్ల మూడేళ్ల పాప చేతిలో ఏదో బొమ్మ గీసిన కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఆయ్తి, కత్సొ! కత్సొ!" అంటోంది. వాళ్లమ్మ "క్యా బోల్రీ బేటా?" అని అడిగింది. పాప ఒక్క నిమిషం ఆగి, "అమ్మీ, దేఖో" అంది. "ఆయ్తి" అంటే అమ్మ, "కత్సొ" అంటే చూడు. పాప వెళ్లిపోయాక భాంజీ కళ్లు తుడుచుకుని అంది: "మామూ, నా బిడ్డ నాకే తర్జుమా చేసి చెబుతోంది. ఇక్కడ అందరికీ ఇంగ్లీష్ వచ్చు. కానీ ఎవరూ ఇంగ్లీష్‌లో నవ్వుకోరు."

ఇంగ్లీష్ ఆఫీసుకు సరిపోతుంది, జిందగీకి సరిపోదు. హెల్సింకి, ఎస్పోల్లో దుకాణంలోనో బ్యాంకులోనో ఇంగ్లీష్‌తో పని జరిగిపోతుంది, ఆ మాట నిజమే. కానీ పిల్లల బడి నుంచి వచ్చే కబురు, అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర అంటించిన నోటీసు, పక్కింటి ముసలమ్మ పలకరింపు, ఇవన్నీ ఫిన్నిష్‌లోనే నడుస్తాయి. దామాద్‌కు ఆఫీసు ఉంది, పాపకు బడి ఉంది. మధ్యలో డిసెంబరు చీకట్లో, మధ్యాహ్నం మూడు దాటగానే పొద్దు గుంకే ఊళ్లో, ఇంట్లో ఒంటరిగా మిగిలేది బేగం. అందుకే నా మాట ఏమిటంటే, ఫిన్లాండ్ వెళ్లే ఇంట్లో జబాన్ ముందుగా నేర్చుకోవాల్సింది నౌకరీ చేసే మియా కాదు, ఆయన వెంట వెళ్లే బేగం. అదీ టికెట్ కొన్నాక కాదు, వీసాకు కాగితాలు పెట్టిన రోజు నుంచే.

"అది దునియాలోనే ముష్కిల్ జబాన్ కదా" అంటారు కొందరు. ఇంగ్లీష్ ఒక్కటే తెలిసినవాళ్లకు ముష్కిలే. మనం మాత్రం వీధిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగినవాళ్లం. భాంజీ పంపిన పాఠాలు చూస్తూ నేనూ షౌక్‌తో కొంత నేర్చుకున్నా. చూడండి, మనకు ఇప్పటికే ఎంత తెలుసో.

మొదట రాత సంగతి. ఫిన్నిష్‌లో ఎలా రాస్తారో దాదాపు అలాగే పలుకుతారు. ఇంగ్లీష్ స్పెల్లింగుల తలనొప్పి లేదు. మాటలో మొదటి అక్షరం మీదే ఒత్తు. అసలు జాగ్రత్త పడాల్సింది హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం దగ్గర. "తులి" అంటే నిప్పు, "తూలి" అంటే గాలి, "తుల్లి" అంటే సరిహద్దులో సామాను తనిఖీ చేసే కస్టమ్స్. ఇంగ్లీష్ వాళ్ల చెవికి ఈ మూడూ ఒకటిగానే వినిపిస్తాయి. జేర్ జబర్ పేష్ పెట్టకుండా రాసే ఉర్దూ లిపిలోనూ ఈ తేడా పూర్తిగా కనపడదు. తెలుగు అక్షరాల్లో మాత్రం అచ్చం అలాగే రాసుకోవచ్చు. భాంజీ నోట్‌బుక్ అంతా తెలుగు లిపిలోనే ఉంది. ఇల్లు అనే మాట దగ్గర పక్కన రాసుకుంది: "కొతి. దీర్ఘం వద్దు, కోతి అయిపోతుంది!"

ఇక విభక్తులు. ఫిన్నిష్‌లో పదిహేను ఉన్నాయని భయపెడతారు. "తలొ" అంటే ఇల్లు. "తలొస్స" ఇంట్లో, "తలొస్త" ఇంట్లోంచి, "తలోన్" ఇంట్లోకి. "తలొల్ల" ఇంటి దగ్గర, "తలొల్త" ఇంటి దగ్గర్నుంచి, "తలొల్లె" ఇంటి దగ్గరికి. లో, లోంచి, లోకి అని మనం రోజూ అతికించేవే ఇవి. "తలొన్ తకన" అంటే ఇంటి వెనుక, ఘర్ కే పీఛే. వరుస కూడా మనదే: ముందు ఇల్లు, తర్వాత వెనుక.

అతికించేటప్పుడు మాట రూపం మారుతుంది. హెల్సింకి "హెల్సింగిస్స్యా" అవుతుంది, తుర్కు అనే ఊరు "తురుస్స" అవుతుంది. ఇదేం జుల్మ్ అనకండి. మనం ఇల్లులో అంటామా? ఇంట్లో అంటాం. నోరులో కాదు, నోట్లో. ఆ రెండు మాటల చివర కూడా చూడండి, ఒకచోట "స్స్యా", ఒకచోట "స్స". ముందున్న అచ్చుల్ని బట్టి ప్రత్యయం రంగు మారుతుంది. మనం ఢిల్లీకి అని, హైదరాబాదుకు అని అనడం లేదా? కి, కు ఎక్కడ రావాలో మనకు ఏ ఉస్తాద్ నేర్పాడు?

"నాకు ఉంది" అనడానికి ఇంగ్లీష్‌లో ఉన్నట్టు వేరే క్రియ ఫిన్నిష్‌లో లేదు. "మినుల్ల ఒన్" అంటారు. నా దగ్గర ఉంది, మేరే పాస్ హై. సూటిగా అదే. "ఒన్" అంటే ఉంది, "ఒంకొ" అంటే ఉందా? ప్రశ్నను మనలాగే మాట చివర తగిలిస్తారు. లేదు అనడానికి ఒక క్రియే ఉంది, అది మనిషిని బట్టి మారుతుంది: "ఎన్ పుహు" మాట్లాడను, "ఎత్ పుహు" మాట్లాడవు, "ఎయ్ పుహు" మాట్లాడడు. లేను, లేవు, లేడు గుర్తుకు రావడం లేదూ?

ఉర్దూ కూడా తక్కువ సాయం చేయదు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా "హ్యాన్" అనే ఒకే మాట, మన "వో" లాగా. "కియెలి" అంటే నాలుక, భాష రెండూ. మన జబాన్ అంతే కదా! "ఆయ్దిన్‌కియెలి" అంటే తల్లి నాలుక, అంటే మాదరీ జబాన్. కితాబ్, కాతిబ్, కుతుబ్‌ఖానా, మక్తూబ్ అన్నీ ఒక్క వేరు నుంచి పుట్టినట్టే, అక్కడ "కిర్య" అంటే కితాబ్, "కిర్యైలియ" రచయిత, "కిర్యస్తొ" కుతుబ్‌ఖానా, "కిర్యె" ఉత్తరం. మనం ముందు "బే" పెట్టి బేఘర్ అంటాం, వాళ్లు చివర "తొన్" పెట్టి "కొదితొన్" అంటారు. "సొకెరితొన్" అంటే చక్కెర లేనిది, "అల్కొహొలితొన్" అంటే ఆల్కహాల్ లేనిది.

ఇవన్నీ చూసి రెండు జబాన్లూ ఒకే తల్లి బిడ్డలని అనుకోవద్దు. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల వ్యాకరణంలో ఫిన్నిష్ వర్గంతో చుట్టరికం చూపించబోయాడు. ఇవాళ్టి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. ఫిన్నిష్ ఉరాలిక్ కుటుంబానిది, ఎస్టోనియన్‌కు దగ్గర బంధువు, హంగేరియన్‌కు దూరపు బంధువు. చుట్టరికం లేకపోయినా నడక కలిసింది. మనకు అదే చాలు.

ముష్కిల్ ఏమీ లేదని మాత్రం అనను. అలా చెబితే ధోకా అవుతుంది. మాటలు దాదాపు ఏవీ తెలిసినవి కావు, కొత్తగా కంఠస్థం చేయాలి. "ఇ" అనే నాలుకతో "ఉ" అనే పెదవులు పెట్టి పలికే అచ్చు ఒకటుంది, అది మనకు లేదు. అద్దం ముందు నిలబడి రియాజ్ చేయాల్సిందే. పైగా కిర్యకియెలి వేరు, పుహెకియెలి వేరు. మొదటిది కితాబీ జబాన్, రెండోది నోటి జబాన్. పుస్తకంలో "మిన్యా ఒలెన్" అంటే నేను ఉన్నాను. వీధిలో అది "మ్యా ఓన్" అయిపోతుంది. లఖ్‌నవూ ఉర్దూ చదువుకుని కర్నూలు వచ్చినవాడికి మన "నక్కో", "హౌ" వింటే ఎలా ఉంటుందో అలాగే. రెండూ నేర్చుకోవాలి, ఏదీ తక్కువది కాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? వంటింట్లో. అక్కడ దుకాణంలో అమ్మే సామాను మీద వివరాలు ఫిన్నిష్, స్వీడిష్‌లలో ఉంటాయి, ఎందుకంటే ఆ రెండూ ఆ దేశపు అధికార భాషలు. "సియన్‌లిహ" అంటే పంది మాంసం. "పొస్సు" అన్నా అదే. "కింక్కు", "పెకొని" కూడా ఆ మాంసానివే. "లీవతె" అంటే జెలటిన్, అది దేనితో చేశారో కనుక్కోవాలి. "కన" కోడి, "కల" చేప, "లమ్మస్" గొర్రె, "నౌత" గొడ్డు. ఈ మాటలు ఇంట్లో ప్రతి ఒక్కరికీ రావాలి. ఫోను ఛార్జింగ్ అయిపోయిన రోజున తర్జుమా యాప్ పలకదు.

తర్వాత అదబ్. "మొయ్" అంటే పలకరింపు, "కీతొస్" షుక్రియా, "అంతేక్సి" మాఫ్ కరో. ఇంగ్లీష్ "ప్లీజ్"కు సరిపోయే మాట లేదు. "సైసింకొ" అంటారు, నాకు దొరుకుతుందా అని. మర్యాద క్రియలోనే ఉంటుంది, మనం "కాస్త ఇస్తారా" అన్నట్టు. ఆప్, తుమ్ తేడా పుస్తకంలో ఉన్నా బయట దాదాపు వినపడదు. పిల్లలు టీచర్‌ను పేరు పెట్టి పిలుస్తారు. మనకు మొదట ఇబ్బందిగా ఉంటుంది, కానీ అది బేఅదబీ కాదు. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు అడ్డు తగలకుండా వినడం అక్కడి అదబ్.

చెవికి అలవాటు కావాలంటే యూలె అనే వాళ్ల ప్రభుత్వ ప్రసార సంస్థ ఆసాన్ ఫిన్నిష్‌లో వార్తలు చదువుతుంది. నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో. రోజుకు ఒకటి వింటే చాలు. దీర్ఘకాలం ఉండాలనుకునేవాళ్లకు జబాన్ కానూనీ అవసరం కూడా. 2024 అక్టోబరు నుంచి పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్ల బదులు ఎనిమిదేళ్ల నివాసం అడుగుతున్నారు. దాంతోపాటు ఫిన్నిష్ లేదా స్వీడిష్ వచ్చని రుజువు చూపాలి.

"రెండేళ్లుండి కెనడా వెళ్లిపోతాం, యాభై లక్షల మంది మాట్లాడే జబాన్ మనకెందుకు" అనేవాళ్లకు ఒక్క మాట. ఆ జబాన్ కూడా ఇజ్జత్ ఊరికే సంపాదించలేదు. మికాయెల్ అగ్రికొల 1543లో అక్షరాల పుస్తకం అచ్చు వేయించేదాకా ఫిన్నిష్‌లో అచ్చు పుస్తకమే లేదు. వందల ఏళ్లు చదువూ కచేరీ అన్నీ స్వీడిష్‌లో, పొలం పని ఫిన్నిష్‌లో నడిచాయి. 1863లో రష్యా జార్ హుకుంతో గానీ దానికి స్వీడిష్‌తో సమానమయ్యే దారి తెరుచుకోలేదు. ఇంటి జబాన్‌ను దర్బారులో చిన్నచూపు చూస్తే ఎలా ఉంటుందో మనకు తెలియనిదా? అలాంటి జబాన్‌లో నాలుగు మాటలు నేర్చుకోవడం, మనకు అన్నం పెట్టే ఊరికి ఇచ్చే ఇజ్జత్.

ఇక మన పెద్దల అసలు భయం: పిల్లలు మన జబాన్ మరిచిపోతారేమో అని. దీనికి జవాబు ఫిన్లాండ్‌లోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరొద్ వైపు పల్లెల నుంచి తాతార్ ముసల్మానులు బట్టలు అమ్ముకుంటూ అక్కడికి చేరారు. 1925లో వాళ్ల జమాత్ రిజిస్టర్ అయింది. ఇవాళ కొన్ని వందల మందే ఉన్నారు. తరాలు గడిచినా ఇంట్లో తాతార్ నిలబెట్టుకున్నారు, బయట సొంత భాషలా ఫిన్నిష్ మాట్లాడతారు. ఒకటి నేర్చుకుంటే ఇంకొకటి పోదు. మనం మాట్లాడటం మానేస్తేనే పోతుంది.

భాంజీకి ఈ సంగతి ఒక కాగితం దగ్గర ఎదురైంది. అక్కడ జనాభా రిజిస్టర్‌లో మనిషికి ఒక్క మాదరీ జబాన్ మాత్రమే రాస్తారు. పాపకు తెలుగు రాయాలా, ఉర్దూ రాయాలా? నన్ను అడిగింది. "ఏది రాసినా ఫర్వాలేదు బేటీ, రెండూ ఇంట్లో మాట్లాడండి" అన్నాను.

ఆ రాత్రి తర్వాత ఆమె క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టింది. నెల కిందట బడి నుంచి ఫిన్నిష్‌లో కబురు వచ్చింది, రేపు "కురహౌసుత్" పంపమని. "కుర" అంటే బురద, "హౌసుత్" అంటే ప్యాంటు. వానలో పిల్లలు ఆడుకోవడానికి వేసే ప్యాంటు. యాప్ తెరవకుండానే చదివి, పాప సంచిలో పెట్టిందట. "మామూ, చిన్న సంగతే" అంది. ఐదేళ్లు ఆలస్యమైనా, నాకు మాత్రం అది పెద్ద సంగతే. ఇప్పుడు వెళ్లబోతున్న మీ ఇంటి ఆడపిల్లలకు ఆ ఐదేళ్ల ఆలస్యం రాకూడదు.

ఖుదా హాఫిజ్.