దేవుని ఉనికి – కంప్యూటరు సాక్ష్యము

సంపాదకులకు,

మొన్న మా బళ్ళారిలో ఒక పురాణ కాలక్షేపమున వక్తగారు, దేవుడున్నాడని జర్మనీలో కంప్యూటరు రుజువు చేసినదని సెలవిచ్చిరి. సభ చప్పట్లు కొట్టినది. ఇంజనీరింగు చదువుచున్న మా మనుమడు ఇంటికి వచ్చి, "ఆ కంప్యూటరే రుజువులో తప్పు పట్టినది తాతా, ఇక నేను గుడికి రాను" అన్నాడు. ఇద్దరి మాటలోను సగమే నిజము.

గణిత తార్కికుడు కుర్ట్ గోడెల్ 1970లో దేవుని ఉనికికి ఒక రుజువు వ్రాసి పెట్టెను. 2013లో బెంజ్‌ముల్లర్, వోల్ట్‌జెన్‌లోగెల్ పాలియో అనువారు దానిని యంత్రమునకు తెలియు తర్క భాషలోనికి మార్చి పరీక్షించిరి. డానా స్కాట్ సవరించిన పాఠములో, ఒప్పుకొన్న ప్రతిపాదనల నుండి ముగింపు సక్రమముగానే వచ్చుచున్నది. గోడెల్ సొంత పాఠములో మాత్రము ప్రతిపాదనలే పరస్పర విరుద్ధములని యంత్రము పట్టినది. నలుబది యేండ్లు ఎవరి కంటను పడని లోపమది! సవరించిన దానికిని ఒక చిక్కు కలదు. దాని ప్రకారము ఉన్నదంతయు అట్లే ఉండి తీరవలెను, వేరొక విధమునకు వీలులేదు. మరి మ్రొక్కుబడులెందుకో వక్తగారు చెప్పలేదు.

నేను ముప్పది యేండ్లు కచేరీలో లెక్కలు సరిచూచిన గుమాస్తాను. కూడిక సరిపోయినచో టిక్కు పెట్టుటయే నా పని. పహణీలోని నాలుగెకరములు నిజముగా నేలమీద కలవా అన్నది సర్వేయరు గొలుసు పట్టి చూడవలెను. ఒకమారు మొత్తములన్నియు సరిపోయిన కాగితమునకు సంతకము చేసితిని. తీరా చూడగా ఆ పొలము వంకలో నున్నది. కంప్యూటరు నా వంటి గుమాస్తాయే.

మన తార్కికులు ఈ భేదము నెరిగినవారే. హేతువు పక్షమున లేనిచో దానిని అసిద్ధమని త్రోసివేసిరి. కుండకు కుమ్మరి వలె జగత్తునకు కర్త కలడని అన్నంభట్టు తన దీపికలో అనుమానము చెప్పెను. అట్టి వాదమును అంతకు ఎన్నో శతాబ్దముల పూర్వమే శ్రీభాష్యమున ఖండించినది నాస్తికులు కారు, రామానుజులవారు! ఈశ్వరుడు శాస్త్రము చేతనే తెలియునని వారి మతము. మాకు దాపుననే ఆనెగొంది నవబృందావనమున నున్న వ్యాసతీర్థులవారు తర్కతాండవము వ్రాసి నైయాయికులతో తలపడిరి. వారి భక్తికి లోటేమైన వచ్చెనా?

వక్తగారు ఈమారు యంత్రము పేరు చెప్పునపుడు, ముందుగా ఒప్పుకొనవలసిన ప్రతిపాదనలేవో కూడ సభకు చదివి వినిపింప ప్రార్థన. ఆనాడు మనుమని నేనే వెంటబెట్టుకొని వచ్చెదను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
బళ్ళారి.