ఖౌల్ చాలదు, కాగజ్ కావాలి

‘ఖేతీ మే క్యా హై బేటా? పాస్‌పోర్ట్ బనాలే.’ మా రాయచోటి వైపు ముస్లిం ఇళ్లలో ఇంటర్ పాసైన పిల్లోడు తరచూ వినే నసీహత్ ఇది. వాడు కువైట్ పోతాడు. ఆ తర్వాత మనమే దావత్‌లలో కూర్చుని, నౌజవాన్లకు జమీన్ మీద మొహబ్బత్ లేదని అఫ్సోస్ పడతాం.

నాకు ఈ మాట మీద ఎతరాజ్ ఉంది. మొహబ్బత్ లేక కాదు, చేతిలో కాగజ్ లేక పోతున్నారు. మన పిల్లల్లో చాలామందికి సొంత జమీన్ లేదు. ఉన్నా అబ్బా పేరు మీదో, దాదా పేరు మీదో ఉంటుంది. సేద్యం చేయాలంటే కౌలుకు తీసుకోవాల్సిందే.

రైతు, ఖరీఫ్, రబీ లాగే కౌలు కూడా అరబీ నుంచి తెలుగులోకి వచ్చిన లఫ్జే. ఖౌల్ అంటే ఇచ్చిన మాట. ఇన్నేళ్లయినా ఆ లఫ్జ్ తన మానీ వదల్లేదు. కౌలు ఇంకా ఎక్కువగా నోటిమాటే.

నోటిమాటను బ్యాంకు నమ్మదు. టమాటా పెట్టాలంటే నారు, కట్టెలు, సుత్లీ, మందులు, కూలీ అన్నిటికీ ముందే పైసలు కావాలి. వడ్డీకి తేవాలి. మదనపల్లె మండీలో ధర పడిపోతే నుక్సాన్ అంతా కౌలుదారుడిదే. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు జమీన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే దక్కింది, దున్నిన కౌలుదారుకు కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు కార్డు ఇస్తారు. దానితో పంట రుణం, బీమా, నష్టపరిహారం అడగొచ్చు. మాలిక్ హక్కుకు ఏ ఖత్రా లేదని కూడా ఆ చట్టంలోనే ఉంది. అయితే కార్డుకు మాలిక్ దస్తఖత్ కావాలి. పని అక్కడే ఆగిపోతోంది.

ఆ మాలిక్‌లలో మనవాళ్లూ ఉన్నారు. గల్ఫ్‌లో చెమటోడ్చి ఊళ్లో నాలుగెకరాలు కొని, ఖాలా కొడుక్కి కౌలుకు ఇచ్చినవాళ్లు. ‘మనలో మనకు కాగజ్ ఎందుకు?’ అంటారు. అప్పు లావాదేవీలు రాసుకోమని, గవాహ్‌లను పెట్టుకోమని చెప్పే సూరా బఖరా 282వ ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్. మరి రాసుకోవడం షక్ ఎలా అవుతుంది?

భాయ్, ఈసారి జమీన్ కౌలుకిచ్చేటప్పుడు దస్తఖత్ పెట్టండి. సొంత జమీన్ ఉన్న అబ్బాలు ఒక్క ఎకరం బేటాకో, బేటీకో అప్పగించండి. ఏ ఫసల్ వేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి, హిసాబ్ వాళ్లనే రాయనివ్వండి, మునాఫా వస్తే వాళ్ల చేతికే ఇవ్వండి. ఇంత చేశాక కూడా కువైట్ పోతామంటే దువా ఇచ్చి పంపండి. అంతవరకు మాత్రం వాళ్లకు మట్టి మీద మొహబ్బత్ లేదని తానా కొట్టే హక్ మనకు లేదు.